వాడిన తోటకూర

పూర్వం ఒక రాజ్యంలో గురవమ్మ అనే విధవరాలికి తోటకూర మడి ఒక్కటే ఆధారం. తెల్లవారుజామునే కూర కోసి, తడి అరటాకుల్లో చుట్టి, కోటకు తెచ్చేది. వంటశాల అధికారి పూజ, భోజనం, కునుకు అన్నీ అయ్యేదాకా గుమ్మం తెరిచేవాడు కాదు. అందాకా ఆమెలాంటి వాళ్ళంతా బయట ఎండలో కాచుకునేవాళ్ళు.

"మళ్ళీ వాడిన కూరే తెచ్చింది, మహాప్రభూ! దీని మడి లాగేసుకోవాలి," అన్నాడతను ఒకనాడు, ఆమెను రాజు ముందు నిలబెట్టి.

గురవమ్మ దణ్ణం పెట్టింది. "అలాగే తండ్రీ. కానీ ముందు రేపొక్కపూట స్వామివారి పూలదండను, ఈ అయ్యగారు కునుకు తీసి లేచేదాకా, నా గంప పక్కన ఎండలో ఉంచండి. అది వాడకపోతే తప్పు నాదే."

అధికారి ముఖం పాలిపోయింది. రాజు నవ్వి, "మడి నీదే. ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు.

"ఏం కోరను తండ్రీ! కూర వాడితే విచారణ చేశారు. ఆ ఎండలోనే ఏళ్ళ తరబడి మేమూ వాడిపోయాం. ఎవరూ అడగలేదు."