హారతిపళ్ళెపు నోము కథ

అమ్మలారా, అయ్యలారా, చేతనున్న అక్షతలు అప్పుడే చల్లివేయక వినుడు.

పూర్వము మితభాషుడను ముని దీర్ఘశ్రవుడను మునిని సమీపించి, టిక్కెట్టు పెట్టక కథలు చెప్పుకొనువారు కలియుగమున ఏమి తిని బ్రతుకుదురని యడిగెను. దీర్ఘశ్రవుడు నవ్వి యిట్లు చెప్పదొడగెను.

బెల్లంపేట యను పురమున అప్పలనరసయ్య యను బెల్లపు వర్తకుడు కలడు. కూర్మదాసుగారి హరికథ యనిన అతనికి చెవి కోసుకొనునంత యిష్టము. ముందు వరుసలో కూర్చుండి కన్నీరు కార్చును. హారతిపళ్ళెము లేచినంతనే తానును లేచును. ఒకనాడు ఆవు త్రాడు తెంచుకొనెననెను, ఒకనాడు కడుపునొప్పి యనెను. ఇందరుండగా నేనొక్కడను వేయకున్న నేమి యని అతని ధీమా. ఊరందరి ధీమాయు నదియే యయ్యెను!

ఏడవనాడు దాసుగారు కథలోని రాకుమారిని మొసలి నోట చిక్కించి, మిగిలినది రేపనిరి. పళ్ళెము వట్టిదై తిరిగి వచ్చెను. మరునాటి నుండి కథయు లేదు, దాసుగారును లేరు. అప్పలనరసయ్య కూతురు పైడితల్లి, ఆరేండ్ల పిల్ల, రాకుమారి బయటపడినదో లేదో చెప్పిన గాని అన్నము ముట్టనని మొండికెత్తెను. తండ్రి తనకు తోచిన ముగింపు చెప్పెను: మొసలి బెల్లము కొనుక్కొని ఇంటికి పోయెనట. పిల్ల నోటిలోని ముద్దయు నుమిసివేసెను. మూడు దినములకు గోడ పట్టుకొని నడవసాగెను. తండ్రి దాసుగారిని వెదకబోయెను.

ఊరంతయు వెదకి వేసారి తన బెల్లపు కొట్టుకు రాగా, దాసుగారు అచటనే బస్తాలు మోయుచుండిరి. అప్పలనరసయ్య కాళ్ళమీద పడి ముగింపు చెప్పుమని వేడుకొనెను.

"ఏటి చెప్పమంటారు బాబూ! ఆ ముగింపు నేనింకా కట్టనేదు. బస్తాలు మోసి ఇంటికెళ్తే నిద్దరొస్తాది గానీ కథ రాదు. ఆ పిల్ల మొసలి నోట్లోనే ఉండిపోనాది."

అప్పలనరసయ్య సిగ్గుతో చితికిపోయెను. ఆనాడే పళ్ళెమున బియ్యము, బెల్లము, రూపాయలు పెట్టెను. దాసుగారు మరల చిడతలు పట్టిరి. రాకుమారి నడుము దాక బయటపడెను. పిల్ల సగము ముద్ద తినెను.

మరునాడు ఊరంతయు కథకు దిగెను. ఇక వీరు వేతురు గదా యని అప్పలనరసయ్యకు పాత బుద్ధి పుట్టి, పళ్ళెము రాగానే ఆవు వంకతో లేచెను. అతనిని చూచి అందరును లేచిరి. చిడతలు ఆగెను. రాకుమారి నడుము దగ్గరనే ఇరుక్కొనెను! అంతట పైడితల్లి సభవారందరు వినునట్లు గొల్లుమని, "నాన్నా, మనకి ఆవేదీ?" అనెను.

అప్పలనరసయ్య లెంపలు వేసుకొని, ముందుగా తాను వేసి, పళ్ళెము తానే పట్టుకొని వరుసవరుసకు తిరిగెను. ఊరివారును తలా కొంచెము వేసిరి. రాకుమారి పాదములతో సహా వెడలెను. పిల్ల రెండు కంచములు ఖాళీ చేసెను. దాసుగారు బస్తాలు మానిరి.

కావున పాట వినువారు, బొమ్మలాట చూచువారు, ఫోనులో ఊరక కథలు వినువారు, ముఖ్యముగా పళ్ళెము వేళకు కడుపునొప్పి వచ్చువారు ఈ నోము నోచుకొనవలెను. నోచిన వారి యింట బిడ్డలు కడుపునిండ తిందురు, సగములో నిలిచిన కథలు ముగియును.

అదిగో, మన పళ్ళెమును బయలుదేరినది. గుమ్మము దగ్గర చెప్పులు వెదకుచున్న బాబుగారూ, కూర్చోండి. మొసలి నోరింకను తెరచియే యున్నది.