మృదువ్రతుని యాగభూమిలో వాక్కాయ పొదలు

పూర్వం గౌతమీ నదికి దక్షిణతీరాన మణికేతుడనే మహారాజు ప్రజలను కన్నబిడ్డలవలె ఏలుతున్న కాలంలో, ఏడేళ్ళు వరుసగా చినుకన్నది రాలక, చెరువులు బీటలువారి, పశువులు డొక్కలెండి, జనం ఆకాశంకేసి చూసి చూసి అలసిపోయారు. అప్పుడా రాజు, తపోనిధి, పరమ దయాళువు, నోట వెలువడిన మాట జరిగితీరే వాక్సిద్ధుడూ అయిన మృదువ్రత మహర్షి ఆశ్రమానికి కాలినడకన వెళ్ళి సాష్టాంగపడ్డాడు.

"బెంగపడకు నాయనా! వైశాఖ పూర్ణిమనాడు వరుణయాగం ఆరంభిద్దాం. ఆ తిథి తప్పితే మాత్రం మళ్ళీ పన్నెండేళ్ళ దాకా యోగం లేదు" అన్నాడు మహర్షి. పూర్ణిమకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

యాగానికి తగిన మిట్ట దొరికింది గాని, దానినిండా వాక్కాయ పొదలే. అవేం ముళ్ళు, బల్లేలు గాని! రాజు స్వయంగా గొడ్డలి పట్టి, పరివారంతో కలిసి పగలంతా నరికి నేల చదును చేయగా, మహర్షి మోడు మోడు దగ్గరా ఆగి, చెట్టు కొట్టినవారు జరుపవలసిన శాంతిని ఒక్కటీ వదలక జరిపి సంతృప్తిగా కుటీరానికి మరలాడు.

తెల్లవారి చూస్తే ఏముంది! ఒక్కొక్క మోడుకు నూరేసి కొమ్మలు. మళ్ళీ నరికారు, మహర్షి మళ్ళీ శాంతి జరిపాడు, పొదలు మళ్ళీ లేచాయి. నాలుగు రోజులు ఇదే వరుస. రాజు అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ చేతులు చూసేసరికి మహర్షి ఇక ఓర్చుకోలేకపోయాడు.

"ఇది ఎవరో రాక్షసుల మాయ!" అని, జన్మలో కోపమెరుగని ఆ సాధువు కన్నులెర్రజేసి, శపించడానికి కమండలంలోని జలం చేతిలోకి తీసుకున్నాడు. ఆ క్షణమే పొదల నడుమనుండి ఆకుపచ్చ చీర కట్టిన వనదేవత ఒగర్చుకుంటూ ప్రత్యక్షమై చేతులు జోడించింది.

"ఆగండి తండ్రీ, ఆగండి! రోజూ సాయంకాలం మోడు మోడుకూ నెయ్యి చిలకరించి, 'తల్లీ, నొప్పించాం, మన్నించు, నూరు కొమ్మలతో మళ్ళీ చిగురించు' అని దీవించేదెవరు? తమరు చిగురించమన్నాక చిగురించకుండా ఉండడం మా తరమా? నా బిడ్డలు నాలుగు రోజులుగా చిగురించలేక చస్తున్నారు!"

మహర్షి చేతిలోని నీళ్ళు జారిపోయాయి. "ఔరా! ఎంత పని చేశాను! ఆ రాక్షసుణ్ణి నేనేనా?" అని ఆయన పకపకా నవ్వుతుంటే, అంతవరకు పెదవి బిగబట్టుకున్న రాజూ నవ్వేశాడు. అంతలోనే మహర్షి ముఖం వాడిపోయింది.

"కాని తల్లీ, నరికి మన్నింపు అడక్కుండా నేనుండలేను. అడిగితే యాగం సాగదు. ఎండిన గొంతులకు ఏం సమాధానం చెప్పను?"

"అసలు నరకడమెందుకు తండ్రీ? వేళ్ళతో సహా తవ్వి తీసి మిట్ట అంచున నాటించండి. ఆ తరువాత తమ ఇష్టం, మనసారా దీవించండి!"

రాజు గొడ్డలి పారేసి గునపం అందుకున్నాడు. రెండు రోజుల్లో నడిమి నేల అద్దంలా తేలింది. చుట్టూ నాటిన పొదలను మహర్షి నోరారా దీవించగా, పూర్ణిమ ఉదయానికి మేక కూడా దూరలేని కంచె లేచి నిలిచింది. పూర్ణాహుతి వేళకు ఉరుములురిమి, కుండపోతగా వాన కురిసి, చెరువులు అలుగులు పారాయి. జనం తడుస్తూ గంతులు వేశారు. మహర్షి పరమానందభరితుడై, "మీ ముళ్ళు పంటకు కాపలా అగుగాక, మీ పుల్లని కాయలు వంటకు రుచి అగుగాక!" అని ఆ పొదలకు వరమిచ్చాడు.

నాటి సంతర్పణలో వాక్కాయ పచ్చడికి మురిసిన మహర్షి, మిగలపండిన కాయ ఒకటి నోట వేసుకుని, గింజను యాగశాల నడుమనే జారవిడిచి, అలవాటుగా కుడిచేయి ఎత్తాడు. మణికేతుడు ఒక్క అంగలో వచ్చి ఆ చేయి పట్టుకున్నాడు.

"స్వామీ, తమకు పుణ్యముంటుంది! గింజను కంచె దగ్గర వేసి వస్తాను. అప్పుడు దీవించండి!"

ఈ కథ విన్నవారి చేలకు కంచెలు చెదరకుండును గాక, విస్తట్లో పచ్చడి తరగకుండును గాక!