పైడిరాజు మౌనం

దాలయ్య స్వామి ఆశ్రమంలో తనను మించిన మౌని లేడని పైడిరాజు గట్టి నమ్మకం.

భీమిలి దాటాక, సముద్రం కనబడే గుట్ట మీద ఉంది ఆ ఆశ్రమం. అక్కడ అవసరం పడితేనే నోరు విప్పాలి. మిగతావాళ్ళు ఆ అవసరాల కోసం వెతుక్కుంటూ తిరిగేవారు. పైడిరాజుకి మాత్రం పన్నెండేళ్ళలో పెద్దగా అవసరాలేవీ పడలేదు. ఎవరి చేతిలోంచైనా గ్లాసు జారితే అటు తిరిగి ఒక చూపు చూసేవాడు. ఆ చూపుకి జడిసి కొందరు దగ్గు కూడా మింగేసేవారు.

అన్నాలయ్యాక గుండిగలు తోమడం అతని పని. ఆ వేళకి ఇద్దరు ముగ్గురు వచ్చి నీళ్ళ తొట్టి గట్టు మీద చేరేవారు. కళ్ళు మూసుకుని, తలలూపుతూ కూర్చునేవారు. తన మౌనం చూసి నేర్చుకుంటున్నారు కాబోలని పైడిరాజు లోలోపల పొంగిపోయేవాడు.

అలాంటివాడు ఒకరోజు స్వామి దగ్గరికెళ్ళి శాశ్వత మౌనదీక్ష ఇమ్మని అడిగాడు. ఇంక జన్మలో నోరు తెరవనన్నాడు. ఇల్లూ ఊరూ వదిలి వచ్చింది దానికోసమే.

"ఇప్పుడే వద్దు," అన్నారు స్వామి. "నీలో ఇంకా కొంచెం మిగిలిపోయింది."

"ఏం మిగిలింది స్వామీ?"

స్వామి లేచి గోశాల వైపు వెళ్ళిపోయారు. పైడిరాజుకి ఆ పూట అన్నం సయించలేదు.

ఆ వారంలోనే ఎవరో వచ్చి ఆశ్రమం ప్రహరీ మీద ఒక పోస్టరు అతికించి పోయారు. 'తుప్పు' అనే రాక్ బ్యాండు ఇన్నేళ్ళకి మళ్ళీ కలిసిందట, విశాఖలో పాడుతుందట. స్వామి అటుగా వచ్చేసరికి పైడిరాజు అట్లకాడ పట్టుకుని దాన్ని గీకుతున్నాడు.

"ఏటది?"

"పాత బ్యాండు స్వామీ. నేనూ ఎర్నెస్టూ కలిసి పెట్టాం. వాడు పాడేవాడు, నేను గిటారు వాయించేవాణ్ణి."

"మరెందుకొదిలీసేవు?"

పైడిరాజు చెప్పాడు. రికార్డింగు రోజున, ఉన్నవాటిల్లోకల్లా మంచి పాటలో అతని వేలు జారింది. పైకి పోవాల్సిన స్వరం కింద పడింది. మళ్ళీ వాయిస్తానన్నాడు. బానే ఉంది వదిలెయ్యరా అన్నాడు ఎర్నెస్టు. మాటా మాటా పెరిగింది. పైడిరాజు గిటారుని గోడకేసి కొట్టి బయటికి నడిచాడు. పాట ఆ తప్పుతోనే జనంలోకి వెళ్ళింది. తర్వాత అతను ఒక్కసారి కూడా ఆ పాట వినలేదు. విన్న ప్రతివాడూ అక్కడికొచ్చేసరికి నవ్వుకుంటాడని మాత్రం అతనికి బాగా తెలుసు.

"అయితే ఆళ్ళ మీద కోపముందేటి?"

"లేదు స్వామీ. నాకు వాళ్ళూ ఒకటే, ఈ గోడా ఒకటే."

స్వామి గోడకేసి చూశారు. పోస్టరుతో పాటు సున్నం కూడా పెచ్చులూడి వచ్చేసింది.

"రెండు టిక్కెట్లు తెప్పించు," అన్నారు.

ఆ మాటకి ఆశ్రమం మౌనం ఆశ్రమంలోనే మంట గలిసింది. స్వామేంటి, రాక్ షో ఏంటి అని వంటిల్లు మొదలుకుని గోశాల దాకా ఒకటే గోల. వాళ్ళకేసి ఒక చూపు చూద్దామన్నా పైడిరాజుకి ఓపిక లేకపోయింది.

సముద్రం పక్కన మైదానంలో షో. పొద్దు వాలేసరికే ఇసకేస్తే రాలనంత జనం. స్వామి కాషాయం బట్టల్లోనే వచ్చారు. వేరుశనగల పొట్లం కొనుక్కుని, తీరిగ్గా ఒలుచుకుంటూ నిలబడ్డారు.

దీపాలు వెలిగాయి. ఎర్నెస్టుకి జుట్టంతా పోయింది. బొజ్జ వచ్చింది. ముందు ఏ పాటో చూసుకోడానికి జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఎడమపక్క, ఒకప్పుడు పైడిరాజు నిలబడిన చోట, ఎవరో పాతికేళ్ళు కూడా లేని అమ్మాయి గిటారు తగిలించుకుని ఉంది.

డ్రమ్ములు మోగేసరికి కాళ్ళకింద నేల అదిరింది. చుట్టూ జనం గెంతుతున్నారు. పైడిరాజు చేతులు కట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డాడు.

కాసేపటికి ఆ పాట మొదలైంది. ఈ పిల్ల సరిగ్గా వాయిస్తే బావుణ్ణు, ఇన్నేళ్ళకి తన పరువు దక్కుతుంది అనుకున్నాడు పైడిరాజు. మరుక్షణమే, సరిగ్గా వాయిస్తే మాత్రం తట్టుకోలేననిపించింది.

ఆ చోటు దగ్గరపడింది. ఎర్నెస్టు పాడటం ఆపి మైకుని జనం వైపు తిప్పాడు. మైదానమంతా చేతులు లేచాయి. ఆ అమ్మాయి వేలు తీగ మీద జారింది. పొరపాటున కాదు, కావాలనే, అచ్చం అతని వేలు జారినట్టే. స్వరం కింద పడింది. దాంతోపాటు వేల గొంతులు ఒక్కసారిగా కిందికి దిగాయి. పక్కనున్న మీసాలాయన కళ్ళు తుడుచుకుంటూ పాడుతున్నాడు. ఒక్కడంటే ఒక్కడు కూడా నవ్వలేదు.

పైడిరాజు నిర్ఘాంతపోయాడు.

"అది తప్పు," అని అరిచాడు. "నా తప్పది!"

ఆ హోరులో ఎవరికీ వినబడలేదు. దిక్కుతోచక స్వామికేసి తిరిగాడు. తిరిగి, ఈసారి పూర్తిగా కొయ్యబారిపోయాడు.

స్వామి కళ్ళు మూసుకుని, తలూపుతూ, ఆ గిటారు వరసనే కూనిరాగం తీస్తున్నారు. ఎక్కడా తడుముకోవడం లేదు. ఆ చోటు మళ్ళీ రాగానే ఠక్కున ఆపేసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నారు.

పాట అయిపోయేదాకా పైడిరాజు ఆగలేకపోయాడు.

"స్వామీ! ఈ పాట మీకెలా వచ్చు?"

"మన ఆశ్రమంలో రానిదెవుడికి? వంటాయనకొచ్చు. ఆవుల దగ్గర ముసలాయనకొచ్చు. రోజూ గుండిగలు తోముతా నువ్వు తీసే రాగమే కదేటి!"

"నేనా?"

నీళ్ళ తొట్టి గట్టూ, దాని మీద కళ్ళు మూసుకుని తలలూపే మనుషులూ అతని కళ్ళముందు కదిలారు. పన్నెండేళ్ళు.

"మరి ఒక్కరూ చెప్పలేదేం స్వామీ?"

"చెప్తే ఆపీస్తావని."

వేదిక మీద పాట ముగిసింది. ఇంకోసారి, ఇంకోసారి అని జనం ఊరుకోవడం లేదు. ఎర్నెస్టు నవ్వి ఆ అమ్మాయికి సైగ చేశాడు. గిటారు మళ్ళీ ఆ పాట అందుకుంది.

స్వామి మిగిలిన వేరుశనగలు పైడిరాజు చేతిలో పోశారు.

"రోజూ అక్కడిదాకా వచ్చి ఆపీస్తన్నావు," అన్నారు. "తరవాతేటుందో విందామని వచ్చాను."