దున్న భుజంలో గుండు

కొండలకి పేర్లున్నా, ఆ పేర్లని ఎవరూ కాగితం మీద రాసుకోని కాలం అది. అప్పుడు వాగు అవతల గూడెంలో జోగులని ఒకడుండేవాడు. తుపాకీ పట్టినవాడు కాదు, విల్లు వంచినవాడు కాదు. వేటలో పడిన జంతువుని కోసి ఇంటింటికీ వాటాలు వెయ్యడం అతని పని. వేట వేటగాడిది, మాంసం ఊరిది, చేతులకి అంటిన నెత్తురు మాత్రం జోగులుది.

జోగులుకి ఒక అలవాటుంది. కత్తి పెట్టేముందు గుండు దూరిన చిల్లులో వేలు పెట్టి చూసేవాడు. ఎటు వెళ్లింది, దేనికి తగిలింది, ఎక్కడ ఆగింది, మూడూ తేలేదాకా కత్తి తీసేవాడు కాదు. ఆ గుండుని కడిగి ఇంటికి తెచ్చి చూరులో దాచేవాడు.

అతని పెళ్లాం ములకమ్మ. ఆవిడ నోటికి గూడెంలో భయపడని మనిషి లేడు.

"ఏవయ్యా, అందరి మొగుళ్లూ మాంసం తెత్తారు, నువ్వు సీసం తెత్తావు. పులుసు పెట్టమంటావా?" అనేది.

"సూడనీయే" అనేవాడు జోగులు.

ఆ చుట్టుపక్కల ఏడు గూడేలకీ పెద్ద, శిస్తు వసూలు చేసే ముఠాదారు పాపన్నదొర. తుపాకీ ఉన్నది ఆయన ఒక్కడికే. గొట్టంలో మందు పోసి, మెత్తటి సీసపు గుండు దించి, గజం కడ్డీతో దట్టించి కాల్చేవాడు. దుప్పికి తగిలితే దుప్పి అక్కడే కూలేది. మెత్తటి సీసం లోపలికెళ్లి విచ్చుకునేది, గాయం చేటంత అయ్యేది. దాంతో దొరకి తన గుండు మీద కొండంత నమ్మకం.

ఒక ఎండాకాలం పైన నీళ్లెండిపోయి అడవిదున్నలు కిందికి దిగాయి. దొర మీసం దువ్వుకుని బయల్దేరాడు.

మొదటి దున్నని కొట్టాడు. తగిలింది. పడలేదు. మూడోనాడు లోయలో చచ్చి దొరికింది. జోగులు వేలు పెట్టి చూసి గుండు తీశాడు. భుజం ఎముక మీద రొట్టెలా పరుచుకుని ఉంది.

"దొరా, ఇది లోపలికి ఎల్లలేదు. దుప్పికి సాలుద్ది గానీ దున్న ఎముకకి సాలదు."

"సచ్చిందా లేదా?" అన్నాడు దొర.

"సచ్చింది దొరా."

"మరింకేంటి?"

రెండో దున్నకి దొర మందు రెట్టింపు పోశాడు. తగిలింది. పడలేదు. దారిలో రెండు ఎడ్లని పొడిచి, ఆరోనాడు చచ్చింది. ఈసారి జోగులుకి గుండు దొరకలేదు. ఏడు ముక్కలు దొరికాయి.

"దొరా, మందు పెంచితే ఇంకా తొందరగా సితికిపోయింది."

"సచ్చిందా లేదా?"

"సచ్చింది దొరా."

"మరింకేంటి?"

మూడో దున్నకి దొర ఒకేసారి రెండు గుళ్లు దించాడు. తగిలింది. పడలేదు. ఈసారి చావలేదు కూడా. కుంటుకుంటూ వెళ్లి ఊట పక్క వెదురుపొదలో దూరింది. వాగెండిపోయిన గూడేనికి ఆ ఊటే దిక్కు. నీళ్లకెళ్లిన ఒకావిడని ఎత్తి అవతల పడేసింది. ప్రాణం దక్కింది, నడుం పోయింది. ఆ తర్వాత మూడు రోజులు ఎవరూ కడవ ఎత్తలేదు. పసిపిల్లలు నాలుకలు బయటపెట్టి పడుకున్నారు.

"నెత్తురోడుతోంది కదా, అదే సత్తుంది" అన్నాడు దొర, ఇంట్లోంచి కదలకుండా.

జోగులు చూరులోని సీసమంతా దింపాడు. సంతలో కళాయి వేసేవాడి దగ్గర అతనొకటి చూశాడు. సీసంలో తగరం కలిస్తే గట్టిపడుతుంది, గోరు దిగదు. గూడెంలో తగరం ఎక్కడుంది? ములకమ్మ కాళ్లకుంది. పెళ్లిలో పెట్టిన కడియాలు. వెండి పెట్టే తాహతు ఎవరికుంది గనక?

జోగులు అడగలేదు, కాళ్లకేసి చూశాడు. ములకమ్మ మొదటిసారి నోరెత్తకుండా కడియాలు తీసి ముందు పెట్టింది.

కరిగించి గుండు పోశాడు. చల్లారాక గోరు నొక్కాడు. దిగలేదు.

ఇద్దరూ గుండు పట్టుకుని దొర దగ్గరికెళ్లి సంగతి చెప్పారు.

"ఆడదాని కడియాలతో దున్నని కొట్టమంటావేంట్రా?" అన్నాడు దొర.

"ఇన్నాళ్లూ దొరతనంతో కొట్టారు కదా, పడిందా?" అంది ములకమ్మ.

దొర మొహం కందిపోయింది. లేచి తుపాకీ తీసుకున్నాడు.

ఆడవాళ్లంతా కడవలతో ఎండిన వాగు గట్టున నిలబడ్డారు. ములకమ్మ ముందు నిలబడింది.

"అది ఎదురుగా ఉంటే కొట్టకండి దొరా. నేను పక్కకి తిప్పుతాను. ముందుకాలి పైన, భుజం మీద కొట్టండి" అని జోగులు పొద చుట్టూ తిరిగి వెళ్లి కేకేశాడు. దున్న బయటికొచ్చింది. అతని వైపు తిరిగింది. దొరకి దాని భుజం గోడలా కనబడింది. తుపాకీ మీట నొక్కాడు. మందు తుస్సుమని ఊరుకుంది. మళ్లీ మందు పెట్టేలోపు దున్న జోగులుని చేరింది.

రెండోసారికి తుపాకీ పేలింది. దున్న నిలబడ్డచోటే కూలింది. జోగులు అప్పటికే లేడు.

ఇప్పుడు దున్నని కొయ్యాలి. ఎవరు కోస్తారు? పాపన్నదొర తలపాగా తీసి పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, చిల్లులో తన వేలు పెట్టాడు. ఈ వైపు భుజం ఎముక విరిగింది. ఊపిరితిత్తులు రెండూ తూట్లు పడ్డాయి. అవతలి చర్మం కింద గుండు ఆగి ఉంది, పోసినప్పటిలాగే గుండ్రంగా. దొర దాన్ని చేతిలో పెట్టుకుని అందరి ముందూ ఏడ్చాడు. ఏడవాల్సిందే మరి, రెండుసార్లు చెబితే వినలేదు.

గుండు తెచ్చి ములకమ్మ చేతికివ్వబోయాడు. ఆవిడ తీసుకోలేదు.

"ఆయన ఎల్లింది నీళ్ల కోసం. ముందు కడవలు నింపుకోండి" అంది ఆడవాళ్లతో. ఆఖరి కడవ నిండేదాకా నిలబడి, అప్పుడు మొగుడి పక్కన కూలబడి గుండెలు బాదుకుంది.

ఆ ఊటని ఇప్పటికీ జోగులు ఊట అంటారు. ఆ ఏడు గూడేల్లో కొట్టినవాడే కొయ్యాలి, కొట్టినవాడే గాయంలో వేలు పెట్టి చూడాలి. దెబ్బతిన్న జంతువుని అడవిలో వదిలి వచ్చినవాడికి ఏ ఇంట్లోనూ మంచినీళ్లివ్వరు. కన్నతల్లైనా సరే, కడవ మీద చెయ్యి అడ్డం పెట్టి అంటుంది: "అది ఇంకా బతికే ఉంది కదరా, ఊటకి ఎవరెల్తారు?"