స్వామి భోంచేస్తున్నాడు

అప్పలాచార్యులు గారిని ధర్మసందేహం అడిగితే శ్లోకం చెప్పరు. పక్కింట్లోనో ఎదురింట్లోనో జరిగినదేదో చెప్పి ఊరుకుంటారు. ఆ రోజు శిష్యుడు వరహాలు వచ్చాడు. బడిపంతులు, నెమ్మదైన మనిషి. భార్యను కాన్పుకి ఆసుపత్రిలో చేర్చి, ఆమె తల్లిని తోడుగా ఉంచి వచ్చాడు.

"జపానికి కూర్చుంటున్నాను గానీ, కళ్ళు ఫోన్ మీదే ఉంటున్నాయండీ. గుండె దడదడలాడుతోంది. ఇంత భయం పెట్టుకుని దేవుణ్ణి నమ్ముతున్నానని ఎలా అనుకోను?" అన్నాడు.

ఆచార్యులు గారు అతన్ని కూర్చోబెట్టి, తమ వీధిలోని శేషమాంబ గారి సంగతి చెప్పారు.

శేషమాంబ గారిది గట్టి మడి. వంట చేస్తుండగా ఎవరూ తోసుకు రాకూడదని వంటింటి తలుపుకి లోపల, కింద, ఇంకో గడియ పెట్టించుకుంది. దేవుడి గూడు కూడా వంటింట్లోనే. నైవేద్యం పెట్టగానే బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసేస్తుంది. "స్వామి భోంచేస్తున్నాడు, ఎవరూ చూడకూడదు, దిష్టి" అంటుంది. మూడేళ్ళ మనవరాలు ఆండాళు ఇది రోజూ వింటూనే ఉంది.

ఒకనాడు ఆవిడ గూట్లో రెండు గారెలు, చిన్న గిన్నెడు చక్కెరపొంగలి పెట్టి, తులసిదళం మరిచిపోయానని పెరట్లోకి వెళ్ళింది. నూనె మూకుడు ఇంకా పొయ్యి మీదే ఉంది. తిరిగొచ్చేసరికి తలుపు బిగిసి ఉంది. లోపల ఆండాళు. కింది గడియ ఆ పిల్లకి సరిగ్గా చేతికందే ఎత్తు.

"ఉష్! సామి బువ్వ తింటున్నాడు. అరవకండి" అంది లోపల్నుంచి.

కోడలు నీరజ పరుగెత్తుకొచ్చి తలుపు బాదింది. "సామీ లేదు గీమీ లేదు, తియ్యవే!" అని కేకలేసింది. పిల్ల బెదిరి ఏడుస్తూ పొయ్యి వైపే జరిగింది. పెరటి కిటికీ ఊచల్లోంచి చూస్తే నూనె పొగలు కక్కుతోంది. శేషమాంబ గారు సింహాచలం అప్పన్నకి తలనీలాలు మొక్కేసింది. తనవి కాదు, ఆఫీసులో ఉన్న కొడుకువి.

తర్వాత కోడలి నోరు మూయించి, కిటికీ దగ్గర గొంతు కూడదీసుకుంది. "స్వామి భోంచేయడం అయిపోయిందమ్మా. తలుపు తియ్యి."

పిల్ల ఏడుపాపి గూట్లోకి తొంగి చూసింది. "అవలేదు మామ్మా. అన్నీ అలాగే ఉన్నాయి."

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఈ మాట అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నైవేద్యం కాకముందు కన్నకొడుకుని కూడా వాసన చూడనివ్వని మనిషి, కిటికీ ఊచలు పట్టుకుని, "అయితే నువ్వు తినేయమ్మా, స్వామే తినమన్నాడు. అక్కడే గోడవారగా కూర్చుని, తొందరగా!" అంది.

ఆండాళు పొయ్యికి దూరంగా కూర్చుని తినసాగింది. రెండో గారెలో మిరియం తగిలితే ఆగి, నాలుక చూపించింది. మూకుడు అంచున పొగ నల్లబడుతోంది. అత్తాకోడళ్ళు ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు. చివరికి పిల్ల ఖాళీ గిన్నె ఎత్తి చూపించి, తలుపు దగ్గరికి నడిచింది. గడియ సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ లాగితే తలుపు తెరుచుకుంది.

శేషమాంబ గారు పొయ్యి కట్టేసి పిల్లని గుండెలకి హత్తుకుంది. చిన్నదానికే చీవాట్లు తినడం అలవాటైన నీరజ భయంభయంగా అడిగింది. "మడి పోయింది కదా అత్తయ్యా, మళ్ళీ స్నానం చేసి వండుతారా?"

"ఎందుకే? నలభై ఏళ్ళుగా పెడుతున్నాను. స్వామి గిన్నె ఖాళీ చెయ్యడం ఇవాళే చూశాను" అని ఆవిడ నవ్వబోయి భోరుమంది.

ఇది విని వరహాలు నవ్వాడు. అంతలోనే మొహం మళ్ళీ చిన్నబోయింది. "ఇంతకీ ఆవిడకి నమ్మకం ఉన్నట్టా, లేనట్టా?"

"మర్నాడు పొద్దున్నే వడ్రంగిని పిలిచి ఆ కింది గడియ పీకించేసింది. మధ్యాహ్నం ఎప్పటిలాగే నైవేద్యం పెట్టింది. రెండింట్లో దేన్ని నమ్మకమంటావో నువ్వే చెప్పుకో" అన్నారు ఆచార్యులు గారు. "ఇప్పుడు ఆసుపత్రికి వెళ్ళు."