బచులి అవ్వ పిడికిలి

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి, నాకూ తెలీదు. ఉత్తరాన మంచుకొండల్లో ఒక ఊరు ఉండేది. పక్క ఊరికి పోవాలంటే ఒక ఏటవాలు కొండను అడ్డంగా దాటాలి. వేరే దారి లేదు. ఆ ఊళ్లో బచులి అవ్వ అని ఒక ముసలమ్మ. కట్టెలు మోసేది, పురుళ్లు పోసేది, ఎవరేం పెడితే అది తినేది.

చలికాలంలో ఆ వాలు దగ్గరికి వచ్చినప్పుడల్లా అవ్వ మంచులో మోచేతి లోతు గొయ్యి తవ్వేది. అడుగున ఉన్న మంచు తీసి పిడికిట్లో నొక్కేది. ముద్ద కడితే నడిచేది. పొడి ఇసుకలా వేళ్ల సందుల్లోంచి జారిపోతే వెనక్కి తిరిగేది. అడుగున పట్టు లేకపోతే పైన పేరుకున్న మంచు నిలవదు. మనిషి కాలు పడగానే వాలంతా ఊడి కిందికొస్తుంది. ఇంతే. ఇందులో మంత్రం లేదు, మాయ లేదు. చెయ్యి ఉన్నవాడెవడైనా చూసుకోవచ్చు. చూసుకుంటేగా.

ఒకసారి కొందరు ఉప్పు తెచ్చుకోవడానికి బయల్దేరారు. అవ్వ తవ్వింది. పిడికిలి చూపింది. పొడి జారింది. వెళ్లొద్దంది. నమ్మకపోతే తవ్వి చూసి ఏడవమంది. వాళ్లు సణుక్కుంటూ వెనక్కి వచ్చి, నెల్లాళ్లు చప్పటి గంజి తాగారు. వాలు అలాగే ఉంది.

"ఏదీ, పడలేదే?" అని అవ్వను నిలదీశారు.

"మీరు ఎక్కలేదుగా" అంది అవ్వ.

ఇంకోసారి జాతరకు బయల్దేరారు. అవ్వ తవ్వింది. పిడికిలి చూపింది. పొడి జారింది. తవ్వి చూసి ఏడవమంది. జాతర పోయిందని పిల్లలు ఇల్లెగిరిపోయేలా ఏడ్చారు. వాలు అలాగే ఉంది. "ఏదీ, పడలేదే?" అన్నారు మళ్లీ. "మీరు ఎక్కలేదుగా, నా తండ్రుల్లారా" అంది అవ్వ. ఒక్కడి బుర్రకీ ఎక్కలేదు. ప్రాణాలు దక్కినందుకు తిట్టిపోసిన ఊరి గురించి నేనైతే ఇంకెక్కడా వినలేదు. ఆమెకు పిరికి అవ్వ అని పేరు కూడా పెట్టారు.

మూడోసారి పెళ్లి వచ్చింది. ఊరిపెద్ద ధన్‌సింగ్ కొడుకు ఖీమ్ పెళ్లి. పిల్లది పక్క ఊరు. ముహూర్తం బయల్దేరిన మర్నాడు పొద్దున. అంతకుముందు మూడు రోజులు మంచు తుఫాను. నాలుగో రోజు ఎండ కాసింది. పెళ్లికొడుకుతో కలిపి ఇరవైమంది, డోళ్లతో సహా, వాలు మొదట్లో ఉన్న బండ దగ్గరికి వచ్చారు.

అవ్వ తవ్వింది. పిడికిలి చూపింది. పొడి జారింది.

ధన్‌సింగ్‌కు కోపం వచ్చింది. రెండుసార్లు నీ మాట విని వెధవలమయ్యాం, ముహూర్తం నీ పిడికిలి కోసం ఆగదు అన్నాడు. ఇది దాటితే వైశాఖం దాకా మంచి లగ్నం లేదన్నాడు పురోహితుడు. అయితే మీరే తవ్వి చూసి ఏడవండి అంది అవ్వ. పెళ్లిబట్టలు తడుస్తాయని ఒక్కడూ వంగలేదు.

అవ్వకు ఒళ్లు మండింది. పెళ్లికొడుకు వంక చూసింది. వాణ్ణి ఈ లోకంలోకి తీసింది ఆ చేతులే.

"గుంపుగా ఎక్కితే గుంపుగా పోతారు" అంది. "ముందు నేను దాటుతా. నేను అవతలికి చేరేదాకా ఈ బండ దగ్గర్నుంచి ఒక్కడూ కదలకూడదు."

ముసలిది దాటితే ఇక నోరు మూసుకుంటుందని ధన్‌సింగ్ సరేనన్నాడు.

అవ్వ నడిచింది. సగం దూరం పోయి వెనక్కి తిరిగింది. ఖీమ్ బండ దాటి రెండడుగులు ముందుకొచ్చి నిలబడ్డాడు. వెనక్కి పొమ్మని విసుగ్గా చెయ్యి ఊపింది. వాడు వెనక్కి తగ్గాడు. అప్పుడు కొండ ధబ్బుమంది. పైన గీత గీసినట్టు మంచు చీలింది. కళ్లు మూసి తెరిచేలోగా వాలు మీద మంచు లేదు, అవ్వా లేదు.

బండ దగ్గర ఇరవైమందీ ఉన్నారు.

చీకటి పడేదాకా పెళ్లిబట్టలతోనే తవ్వారు. అప్పుడు వంగాయి నడుములు. ఏం లాభం? చెబుతుంటే నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది. అవ్వ వైశాఖంలో మంచు కరిగాక దొరికింది. ఖీమ్ పెళ్లీ ఆ వైశాఖంలోనే అయింది. ముహూర్తం ఆగదన్నారుగా, ఆగింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో చలికాలం పెళ్లివాళ్లు వాలు దగ్గర ఆగుతారు. పెళ్లికొడుకే, పెళ్లిబట్టలతోనే మోకాళ్ల మీద కూర్చుని మోచేతి లోతు తవ్వాలి. పిడికిలి అందరికీ చూపాలి. ముద్ద కడితే ఒక్కొక్కరే దాటుతారు, మిగతావాళ్లు కళ్లార్పకుండా చూస్తుంటారు. పొడి జారితే డోళ్లు భుజానికెత్తుకుని ఇంటికి వెళ్తారు. ఎవరూ సణగరు.

కానీ ఇల్లు చేరాక ఎవడో ఒకడు కిటికీలోంచి వాలు వంక చూసి, "ఏదీ, పడలేదే?" అంటాడు. ప్రతి ఏడూ ఒకడు ఉంటాడు. అప్పుడు ఇంట్లో అందరూ అవ్వలాగే విసుక్కుని చెబుతారు.

"మనం ఎక్కలేదుగా."