నలభై లీటర్ల డ్రమ్ము

అనంతపురంలో ఓబులేసు సార్ దగ్గర సి అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నవాళ్లందరికీ ఆయన అలవాటొకటి తెలుసు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, ఏదో ఒక పని చెబుతాడు. ఆ పని పూర్తయ్యేసరికి అడిగినవాళ్లకు తమ ప్రశ్న మీదే సిగ్గు పుడుతుంది.

హిమజ అడిగిన ప్రశ్న అలాంటిదే. ఆడపిల్లల హాస్టల్లో ట్యాంకు నిండగానే మోటారు ఆపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డును ఆమె తయారుచేసింది. మర్నాడే బిగించాలి. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని అది. నీళ్లకు కటకటలాడే ఆ హాస్టల్లో మోటారు ఆగకపోతే, బోరులో ఉన్న కాస్త నీళ్లూ మురిక్కాలువ పాలవుతాయి.

"లెక్క దాచే ఇంట్ రకంలో పట్టే అతి పెద్ద అంకె, అతి చిన్న అంకె నాకు నోటికొచ్చు సార్. రెండువందల కోట్ల పైదాకా పడుతుంది. మళ్లా ఆ హద్దులు చెప్పే లిమిట్స్ హెడర్ ఫైలు చేర్చి, ప్రతి బోర్డు మీదా ప్రింటు చేసి చూడమంటారెందుకు?"

సార్ తన గదిలో మూలనున్న నలభై లీటర్ల డ్రమ్మును, చిన్న మోటారును చూపించాడు. "నీ బోర్డు తగిలించి దీన్ని నింపు."

బోర్డు పైపులో పారే నీళ్లను మిల్లీలీటర్లలో లెక్కపెట్టి, నలభై వేలు కాగానే మోటారు ఆపాలి. ల్యాప్‌టాప్‌లో ఆ ప్రోగ్రామును ఎన్నిసార్లు నడిపినా లెక్క ఠంచనుగా ఆగింది. హిమజ ధీమాగా స్విచ్చి వేసింది. సార్ మాత్రం కిందున్న పుస్తకాల కట్టను బల్ల మీదికి ఎక్కించి, కాళ్లు కుర్చీలోకి ముడుచుకున్నాడు.

బోర్డుకున్న చిన్న తెర మీద అంకె 32,767 దాకా ఎక్కింది. మరుక్షణం మైనస్ 32,768కి పడిపోయింది. డ్రమ్ము నిండుతోంది గాని, బోర్డు లెక్కలో సున్నాకన్నా తక్కువ నీళ్లున్నాయి. ఇక మోటారు ఎందుకాగుతుంది? నీళ్లు అంచు దాటి గచ్చంతా పారాయి. హిమజ పరుగెత్తి స్విచ్చి కట్టేసింది.

ఆమె ఆ హెడర్ చేర్చి, గరిష్ఠం, కనిష్ఠం ఎంతని బోర్డునే అడిగింది. అది తడుముకోకుండా ఆ రెండంకెలే చెప్పింది. బోర్డులోని ఆ బుల్లి చిప్పులో ఇంట్‌కు దక్కే చోటు పదహారు బిట్లే, ల్యాప్‌టాప్‌లో దానికి రెట్టింపు. ఆమెకు నోటికొచ్చింది ల్యాప్‌టాప్ అంకె. హిమజ లెక్కను ఇంకా పెద్ద అంకెలు పట్టే లాంగ్ రకానికి మార్చి, దాని హద్దూ అడిగి చూసుకుని, డ్రమ్ము ఖాళీ చేసి మళ్లీ నింపింది. నీళ్లు అంచు దగ్గరికి రాగానే మోటారు ఆగింది.

అప్పటికి సార్ లుంగీ ఎగ్గట్టి గచ్చు తుడుస్తున్నాడు. రేపు హాస్టల్లో పోవాల్సిన తన పరువును కాపాడడానికి ఈ మనిషి నీళ్లన్నీ సొంత గదిలో ఒలకనిచ్చాడని తెలిసి హిమజకు కళ్లు చెమర్చాయి. ఆయన చేతిలోని గుడ్డ లాక్కుంది.

"ఈ చిప్పులో పట్టేది ఇంతేనని మీకు ముందే తెలుసు గదా సార్. ఒక్క మాట చెప్పింటే పోయేది."

"చెప్పింటే నమ్మేదానివి," అన్నాడు సార్. "రేపు ఇంకో చిప్పు చేతికొచ్చినా, దాన్నడక్కుండా నా మాటే నమ్మేదానివి."